గుండెకు మూలకణాల వైద్యం: పరీక్షకు నిలిచినదెంత?

కొద్ది నెలల క్రితం నాచారంలో ఇషా నమాజు ముగిసి జనం ఇళ్ళకు మళ్ళుతుండగా ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి సలాం చేసి, నాలుగు పుటల ఇంగ్లీషు కరపత్రం చేతిలో పెట్టాడు. అతని తండ్రి నాచారం పారిశ్రామికవాడలో ముప్ఫయి ఏళ్ళు పనిచేసిన మనిషి. ఏడాది కింద ఆయనకు గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది గాని గుండె బలహీనపడింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిల పడుకుంటే దగ్గు.

"మౌల్వీ సాబ్, ఇందులో ఏమి రాసి ఉందో తెలుగులో చెప్పండి. అబ్బా గుండె మళ్ళీ కొత్తదవుతుందని అంటున్నారు. ఉన్న ఒక్క ఇంటి స్థలం అమ్మేద్దామనుకుంటున్నాం. ఇది జాయెజేనా, కాదా అన్నది కూడా మీరే చెప్పాలి" అన్నాడు.

నేను వైద్యుణ్ణి కాను, ముఫ్తీని కూడా కాను. గ్రంథాలను ఒక భాషలోనుంచి మరొక భాషలోకి తేవడం నా వృత్తి. ఆ రాత్రి కరపత్రాన్ని తెనిగించాను. పెద్ద అక్షరాలలో రోగి మూలుగలోని మూలకణాలు గుండెను తిరిగి నిర్మిస్తాయని ఉంది. చివరి పుటలో చీమ తలంత అక్షరాలలో ఫలితానికి హామీ లేదని ఉంది. ఈ రెండు వాక్యాల మధ్య ఒక కుటుంబపు ఇంటి స్థలం ఉంది. కావున ఆ యువకునికి సమాధానం చెప్పడానికి ముందు ఈ విషయమై నేను చదివి తెలుసుకున్నదానిని, అతనివంటి స్థితిలో ఉన్న పాఠకుల కోసం ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాను.

గుండె తన గాయాన్ని తాను మాన్పుకోలేదా?

చేయి తెగితే చర్మం మళ్ళీ మొలుస్తుంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది. కాలేయంలో కొంత భాగం తీసివేసినా మిగిలినది పెరిగి లోటు తీరుస్తుంది. గుండె విషయం వేరు. గుండెలోని ప్రధానమైన గదిని, అనగా శరీరమంతటికీ రక్తాన్ని నెట్టే ఎడమ జఠరికను, 200 నుంచి 400 కోట్ల కండర కణాలు నడుపుతాయి. గుండెకే రక్తాన్ని అందించే ధమని మూసుకుపోతే దాని వెనుకనున్న కండరానికి ప్రాణవాయువు అందదు. దానినే గుండెపోటు అంటాము. పెద్ద గుండెపోటులో కొద్ది గంటలలోనే 100 కోట్ల వరకు కణాలు చనిపోవచ్చు. చనిపోయిన కండరం స్థానంలో కండరం రాదు, మచ్చ వస్తుంది. మచ్చకు సంకోచించే శక్తి లేదు. మిగిలిన కండరం ఆ భారాన్ని కూడా మోసి, క్రమంగా సాగి, అలసిపోతుంది. ఆ యువకుని తండ్రికి ఆయాసం రావడానికి కారణం ఇదే.

పెద్దవారి గుండెలో కొత్త కణాలు అసలే పుట్టవా అన్న ప్రశ్నకు 2009లో స్వీడన్‌కు చెందిన కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రజ్ఞులు విచిత్రమైన మార్గంలో జవాబు కనుగొన్నారు. 1963 ఒప్పందానికి ముందు అగ్రరాజ్యాలు ఆకాశంలో జరిపిన అణు పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 అనే పదార్థం విపరీతంగా పెరిగి, తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఒక కణం ఏ సంవత్సరం పుట్టిందో ఆ సంవత్సరపు గుర్తు దాని జన్యుపదార్థంలో నిలిచిపోతుంది. దానినిబట్టి లెక్కించగా, 25 ఏళ్ళ వయసులో గుండె కణాలలో సంవత్సరానికి సుమారు 1 శాతం, 75 ఏళ్ళ వయసులో 0.45 శాతం మాత్రమే కొత్తవి వస్తాయని తేలింది. అంటే మనిషి జీవితకాలమంతా కలిపినా సగం కణాలైనా మారవు. శూన్యం కాదు గాని, గుండెపోటు చేసిన నష్టాన్ని పూడ్చడానికి ఏ మాత్రమూ చాలదు. బయటినుంచి కణాలను తెచ్చి నాటాలన్న ఆలోచనకు మూలం ఈ లోటే.

మూలకణం అంటే ఏమిటి?

మన దేహంలోని చాలా కణాలు ఒకే పనికి కుదురుకున్నవి. నరపు కణం నరంగానే, కండర కణం కండరంగానే ఉంటుంది. ఏ ఒక్క పనికీ ఇంకా కుదురుకోక, తనవంటి కణాలను పుట్టించుకుంటూనే అవసరాన్నిబట్టి వేరు కణాలుగా కూడా మారగలిగినది మూలకణం. ఇంగ్లీషులో దానినే స్టెమ్ సెల్ అంటారు.

మూలుగలోని మూలకణాలు రక్తాన్ని తయారుచేస్తాయి. ఈ సంగతిని 1961లో కెనడా శాస్త్రజ్ఞులు టిల్, మెకల్లక్ ప్రయోగపూర్వకంగా చూపారు. రక్త క్యాన్సరు వంటి వ్యాధులకు మూలుగ మార్పిడి చేసే వైద్యం దీనిపైనే ఆధారపడి ఉంది. మన దేశంలో ఆ చికిత్స 1983లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో మొదలైంది. కంటి నల్లగుడ్డు అంచున మరో రకం మూలకణాలున్నాయి. సున్నమో, ఆమ్లమో పడి కంటిపొర దెబ్బతిన్నవారికి ఈ కణాలను పెంచి నాటే వైద్యాన్ని మన హైదరాబాదులోనే, ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలో 2001 నుంచి చేస్తున్నారు. 2012లో ఆ సంస్థ వైద్యులే దానికి సులభమైన పద్ధతిని ప్రకటించారు.

కాబట్టి మూలకణాల వైద్యమంతా మోసమని ఎవరూ అనలేరు. కాని ఒక సూక్ష్మాన్ని గమనించాలి. మూలుగ కణం రక్తాన్నే చేస్తుంది, కంటి అంచు కణం కంటిపొరనే చేస్తుంది. రెండు చోట్లా అది తన పుట్టుకతో వచ్చిన పనినే చేస్తున్నది. మూలుగ కణాన్ని గుండెలో వేసి, నీవిక గుండె కండరంగా మారు అనడం అలాంటిది కాదు. అది నిరూపణ కావలసిన మరొక వాదన.

ఆశ పుట్టిన విధము

2000 జూన్‌లో పారిస్‌లో మెనాషే అనే శస్త్రవైద్యుడు ఒక రోగి తొడ కండరంలోని కణాలను పెంచి, వాటిని గుండెలోకి ఎక్కించాడు. 2001లో అమెరికాలో పియెరో అన్వెర్సా, ఆర్లిక్ తదితరులు, మూలుగ కణాలను ఎలుకల గుండెలోకి ఎక్కించగా చనిపోయిన కండరంలో ఎక్కువ భాగం తిరిగి పెరిగిందని ప్రకటించారు. అదే కాలంలో జర్మనీలో స్ట్రావర్ అనే వైద్యుడు గుండెపోటు రోగుల మూలుగ కణాలను వారి హృదయ ధమనిలోకే ఎక్కించి, మంచి ఫలితం కనిపించిందన్నాడు. ఎలుకల ప్రయోగానికీ మనుషుల మీద ప్రయోగానికీ మధ్య సంవత్సరమైనా గడవలేదు. ప్రపంచమంతటా వైద్యశాలలు ఈ పని మొదలుపెట్టాయి. మన దేశమూ వెనుకబడలేదు.

ఈ ఉత్సాహంలో చాలామంది ఒక సంగతి మరిచారు. గుండెపోటు తర్వాత కండరంలో కొంత భాగం చనిపోకుండానే స్పృహ తప్పినట్లు పడివుంటుంది. ధమని తెరుచుకుంటే అది కొన్ని వారాలలో తనంత తానే మేలుకుంటుంది. గుండె ప్రతి స్పందనలో తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి నెడుతుందో కొలిచే లెక్కను ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. ఆరోగ్యవంతునికి అది 55 నుంచి 70 దాకా ఉంటుంది. గుండెపోటు వచ్చిన నాడు 35 ఉన్నవానికి మూడు నెలలకు 42 కావచ్చు. అతనికి మందులు తప్ప మరేమీ ఇవ్వకపోయినా కావచ్చు. మధ్యలో ఎవరైనా కణాలు ఎక్కించి ఉంటే, కీర్తి ఆ కణాలకు పోతుంది. మరి ఏది దేనివల్ల జరిగిందో ఎలా తెలుసుకోవాలి?

రాజీ వేసిన ప్రశ్న

ఈ ప్రశ్న కొత్తది కాదు. రయ్ నగరానికి చెందిన అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ క్రీ.శ. 925 ప్రాంతంలో మరణించిన మహావైద్యుడు. ఆయన రాసిపెట్టుకున్న వైద్య అనుభవాలను శిష్యులు ఆయన తదనంతరం 'కితాబుల్ హావీ' అనే పెద్ద గ్రంథంగా కూర్చారు. ఆ గ్రంథపు అరబీ మూలాన్ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసినది మన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో స్థాపితమైన ఆ సంస్థ ఉప్పల్‌కు ఎంతో దూరంలో లేదు.

'హావీ' 15వ సంపుటంలో రాజీ ఒక సంగతి నమోదు చేశాడు. తలనొప్పి, మెడనొప్పి, నిద్రలేమి, వెలుగును చూడలేకపోవడం వంటి లక్షణాలు ముదిరి సర్సామ్ అనే మెదడు వాపుగా మారే ప్రమాదమున్నవారికి ఆనాడు రక్తం తీసే వైద్యం చేసేవారు. ఆ వైద్యం నిజంగా పనిచేస్తుందా అని తేల్చుకోవడానికి ఆయన కొందరికి రక్తం తీయించి, కొందరికి కావాలనే తీయించకుండా వదిలి, ఇద్దరి స్థితిని పోల్చి చూశాడు. రక్తం తీయనివారికే వ్యాధి వచ్చిందని రాశాడు.

నేటి వైద్యశాస్త్రం ఆయన నిర్ణయాన్ని అంగీకరించదు. మెదడు వాపుకు రక్తం తీయడం చికిత్స కాదు. ఐనా ఆయన పద్ధతిని నేటికీ వైద్య చరిత్రకారులు గౌరవంతో పేర్కొంటారు. ఎందుకంటే, మందు పుచ్చుకున్నవారిని మాత్రమే చూస్తే సత్యం తెలియదని, పుచ్చుకోనివారిని కూడా చూడాలని ఆయన గ్రహించాడు. ఆయనకు అందనిది మరొకటి ఉంది: ఎవరు ఏ వర్గంలో చేరాలో వైద్యుడు తానే ఎంచుకుంటే, తెలియకుండానే బలహీనులు ఒక వైపు, బలవంతులు మరొక వైపు చేరవచ్చు. అందుచేతనే నేడు చీటీలు వేసినట్లుగా రోగులను రెండు వర్గాలుగా విడదీస్తారు. వీలైనచోట ఎవరికి అసలు మందు అందిందో రోగికిగాని, ఫలితాన్ని కొలిచే వైద్యునికిగాని తెలియకుండా చూస్తారు. దీనివల్ల ఆశ కొలమానంలోకి జొరబడదు.

పరీక్షలో తేలినది

ఇప్పుడు గుండె మూలకణాలను ఈ తూకంలో వేసి చూద్దాము.

2004లో అమెరికాలోని రెండు బృందాలు, సియాటిల్‌లో ఒకటి, స్టాన్‌ఫర్డ్‌లో ఒకటి, ఎలుకల ప్రయోగాన్ని గుర్తు వేసిన కణాలతో తిరిగి చేశాయి. మూలుగ కణాలు గుండె కండరంగా మారడం రెండింటికీ కనిపించలేదు. తొడ కండర కణాల వైద్యాన్ని మెనాషే తానే చీటీల పద్ధతిలో 97 మంది మీద పరీక్షించి, గుండె పనితనం మెరుగుపడలేదని 2008లో నిజాయితీగా ప్రకటించాడు.

మన దేశంలో గుండెపోటు వచ్చిన 250 మంది మీద అనేక ఆసుపత్రులు కలిసి జరిపిన పరీక్ష ఫలితం 2015లో వెలువడింది. ఆరు నెలల తర్వాత కణాలు ఎక్కించినవారికీ ఎక్కించనివారికీ ఎజెక్షన్ ఫ్రాక్షన్‌లో చెప్పుకోదగిన భేదం లేదు.

లండన్ పరిశోధకులు 2014లో మరో సంగతి బయటపెట్టారు. మూలుగ కణాల మీద జరిగిన 49 పరీక్షల నివేదికలను వారు వరుసగా చదివి, అందులో ఒకదానికొకటి పొసగని లెక్కలను ఏరి చూశారు. అలాంటి తప్పులు 30కి మించి ఉన్న పరీక్షలలో గుండె బలం సగటున 7.7 శాతం పెరిగినట్లు ఉంది. ఒక్క తప్పూ లేని పరీక్షలలో పెరుగుదల లేదు సరికదా, 0.4 తగ్గింది. లెక్క ఎంత శుభ్రంగా ఉంటే లాభం అంత సన్నగిల్లిందన్నమాట.

యూరపులో 3,000 మందితో తుది నిర్ణయం తేల్చుదామని మొదలైన 'బామి' పరీక్షలో 375 మంది మాత్రమే చేరారు. 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ళలో కణాలు పొందినవారిలో 3.26 శాతం, పొందనివారిలో 3.82 శాతం మరణించారు. ఇంత చిన్న సంఖ్యలో ఇంత చిన్న భేదం యాదృచ్ఛికంగానే రావచ్చు. అంతకంటె ముఖ్యం, నేటి మంచి వైద్యంతో కణాలు లేనివారు కూడా 100 మందిలో 96 మంది బతికారు. గుండె బలహీనత ముదిరిన 537 మంది మీద జరిగిన 'డ్రీమ్-హెచ్.ఎఫ్.' పరీక్షలో కూడా ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన ఫలితం దక్కలేదు. మరికొన్ని లాభాల సూచనలు కనిపించాయి గాని వాటికి వేరే పరీక్ష కావాలి.

వీటన్నింటి నడుమ ఒక విచారకరమైన ఘట్టం ఉంది. గుండెలోనే పుష్కలంగా మూలకణాలున్నాయని ఏళ్ళ తరబడి వాదించిన అన్వెర్సా ప్రయోగశాలనుంచి వెలువడిన 31 పత్రాలను ఉపసంహరించుకోవాలని 2018 అక్టోబరులో హార్వర్డ్ వైద్య కళాశాల, దాని అనుబంధ బ్రిగమ్ ఆసుపత్రి పత్రికలను కోరాయి. వాటిలో కల్పిత సమాచారం ఉన్నట్లు విచారణలో తేలింది. అంతకు ముందటి ఏడాదే ఆ ఆసుపత్రి, దాని మాతృసంస్థ అమెరికా ప్రభుత్వానికి కోటి డాలర్లు చెల్లించి రాజీ కుదుర్చుకున్నాయి. గొప్ప పేరు, గొప్ప విద్యాలయం, గొప్ప పత్రిక ఈ మూడూ కలిసినా పోల్చి చూసే పరీక్షకు బదులు కాలేవు. కల్పనను బయటపెట్టినది కూడా శాస్త్రజ్ఞులే అన్న సంగతి మరువరాదు.

కణాలు ఎక్కించినప్పుడు కొన్ని జంతువులలో కనిపించిన స్వల్ప లాభానికైనా కారణమేమిటి? సిన్సినాటి నగరంలోని శాస్త్రజ్ఞులు ఎలుకలకు బతికివున్న కణాలకు బదులు చచ్చిన కణాలను ఎక్కించినా అదే లాభం కనిపించిందని 2019 చివర ప్రకటించారు. ఆ సూదిపోటుకు దేహపు రక్షణ వ్యవస్థ మేలుకొని మచ్చను కొంత చక్కదిద్దుతున్నదని, కొత్త కండరం పుట్టడం లేదని వారి వివరణ.

షరీఅత్ దృష్టిలో

ఆ యువకుని రెండవ ప్రశ్న జాయెజ్‌ను గురించి. ఈ విషయమై ఉలమా మౌనంగా లేరు. మక్కాలోని రాబితతుల్ ఆలమిల్ ఇస్లామీకి చెందిన ఫిఖ్హ్ మండలి 2003 డిసెంబరులో, అనగా హిజ్రీ 1424లో జరిగిన తన 17వ సమావేశంలో మూలకణాలపై తీర్మానం చేసింది. కణాలు ఎక్కడినుంచి వచ్చాయన్నదే ఆ తీర్మానానికి ఆధారం. పెద్దవారి నుంచి వారి సమ్మతితో, వారికి హాని లేకుండా తీసినవి, సంరక్షకుల అనుమతితో పిల్లల నుంచి తీసినవి, బొడ్డుతాడు లేక మాయనుంచి తీసినవి, తనంత తానే గర్భస్రావమైన లేక వైద్య కారణంతో తొలగించిన పిండంనుంచి తల్లిదండ్రుల సమ్మతితో తీసినవి, సంతానం కోసం ప్రయోగశాలలో ఫలదీకరణ జరిపినప్పుడు మిగిలిపోయి దంపతులు ఇచ్చినవి సమ్మతమన్నారు. ధర్మసమ్మతమైన కారణం లేకుండా చేయించిన గర్భస్రావంనుంచి, పరాయి స్త్రీపురుషుల బీజాలను కావాలని కలిపి చేసిన పిండంనుంచి, వైద్యం కోసమే చేసే క్లోనింగ్‌నుంచి తీసినవి నిషిద్ధమన్నారు.

దీని ప్రకారం రోగి తన మూలుగలోని కణాలనే తనకు ఎక్కించుకోవడంలో కణాల మూలాన్నిబట్టి ఆక్షేపణ లేదు. కరపత్రంలో కూడా ఈ మాట ఉంది: ముస్లింలకు అభ్యంతరకరమైనదేదీ ఇందులో లేదని. ఐతే ప్రశ్న అక్కడితో ముగుస్తుందా?

ఇక్కడ నేను ఫత్వా ఇవ్వడం లేదు. ఫిఖ్హ్ చదివిన ప్రతి విద్యార్థీ ఎరిగిన ఒక పాఠాన్ని గుర్తు చేస్తున్నాను. నీటిలోని చేపను, గాలిలోని పక్షిని పట్టకముందే అమ్మడం చెల్లదని మన ధర్మవేత్తలు చెప్పారు. దానికి 'గరర్' అని పేరు. కొనేవానికి ఏమి దక్కుతుందో తెలియని బేరమన్నమాట. వైద్యుడు స్వస్థతను అమ్మడు. స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్. వైద్యుడు తన శ్రమకు, జ్ఞానానికి వేతనం పుచ్చుకుంటాడు, అది ధర్మమే. కాని ఆ జ్ఞానం ఇంకా ఎవరికీ లేనప్పుడు, ఉన్నట్లు చెప్పి సొమ్ము పుచ్చుకుంటే అది గాలిలోని పక్షిని అమ్మడం కాదా? తెలియని వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యుడని కూడా మన ధర్మశాస్త్రం నిర్ణయించింది. కణం హలాలా అని అడగడం మంచిదే. బేరం హలాలా అని కూడా అడగాలి.

దేశపు నియమాలు

ఈ విషయంలో మన దేశపు నియమాలు కూడా అదే దారిన నడుస్తున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2007లో మూలకణాల పరిశోధనకు, వైద్యానికి మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. 2013లో వాటిని సవరించినప్పుడు వైద్యం అన్న మాటను పేరునుంచే తొలగించింది, లేని వైద్యం ఉన్నదన్న భ్రమ కలుగకూడదని. 2017 సూత్రాల ప్రకారం రక్తసంబంధమైన కొన్ని నిర్ణీత వ్యాధులకు మూలుగ మార్పిడి మాత్రమే అంగీకృత చికిత్స. గుండె జబ్బుకు ఎక్కించేది ప్రయోగమే అవుతుంది. ప్రయోగమైతే ప్రభుత్వ అనుమతి, నైతిక సంఘం ఆమోదం ఉండాలి. భారత ప్రయోగాల పట్టికలో నమోదు కావాలి. 2019 నిబంధనల ప్రకారం ప్రయోగంలో ఉన్న మందును రోగికి ఉచితంగా ఇవ్వాలి, దానివల్ల హాని కలిగితే పరిహారం చెల్లించాలి.

కాబట్టి సొమ్ము అడిగిన క్షణంలోనే సంగతి తేటపడుతుంది. నిరూపిత వైద్యమైతే నియమాలలో దాని పేరు ఉండాలి. ప్రయోగమైతే రోగి జేబు జోలికి రాకూడదు.

రేపటి ఆశ

ఇంతమాత్రం చేత తలుపు మూసుకుపోలేదు. 2006లో జపానుకు చెందిన షిన్యా యమనాకా మామూలు చర్మకణాన్ని నాలుగు జన్యువుల సాయంతో పిండదశ కణంవంటి స్థితికి తిప్పగలిగాడు. 2007లో మానవ కణాలతోను సాధించాడు. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. ఈ కణాలనుంచి తయారయ్యేది నిజమైన గుండె కండరం. గాజుపాత్రలో అది కొట్టుకుంటుంది. పిండాన్ని నాశనం చేయవలసిన పని లేదు గనుక ధర్మసంబంధమైన పెద్ద చిక్కు కూడా తప్పింది.

2020 జనవరిలో ఒసాకా విశ్వవిద్యాలయంలో ఇలాంటి కండరపు పలుచని పొరను ఒక రోగి గుండెపై అతికించారు. జర్మనీలోని గోటింగెన్ బృందం 2025 జనవరిలో 46 ఏళ్ళ స్త్రీ వృత్తాంతాన్ని ప్రకటించింది. గుండె మార్పిడి కోసం ఎదురుచూస్తున్న ఆమెకు కండరపు అతుకు వేశారు. మూడు నెలలకు మార్పిడి జరిగినప్పుడు తీసిన పాత గుండెను పరీక్షిస్తే అతుకు బతికే ఉంది. ఇది గొప్ప విషయం. ఐతే కణాలు పరాయివి గనుక దేహం తిరస్కరించకుండా బలమైన మందులు వాడవలసి ఉంటుంది. 2014లో కోతుల మీద చేసిన ప్రయోగంలో కొత్త కండరం నిలిచింది గాని గుండె లయ తప్పింది. మారకుండా మిగిలిన కణాలు కణితులయ్యే భయమూ ఉంది. ఇవన్నీ తేలడానికి కాలం పడుతుంది.

ఉప్పల్ వెళ్ళే దారిలో హబ్సిగూడ వద్ద ఉన్న సి.సి.ఎం.బి. ప్రహరీని మనలో చాలామంది రోజూ దాటిపోతుంటాము. 1977లో పుట్టి, 1987లో నేటి ప్రాంగణంలో జాతికి అంకితమైన సంస్థ అది. డి.ఎన్.ఎ. వేలిముద్రల కేంద్రం కూడా కొన్నేళ్ళు మన నాచారంలో పనిచేసి నేడు ఉప్పల్‌లో ఉంది. సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్, మదురై తదితర చోట్ల పరిశోధకులు కలిసి 2009లో ఒక ముఖ్య విషయం కనుగొన్నారు. గుండె కండరపు ఒక మాంసకృత్తును తయారుచేసే జన్యువులో 25 అక్షరాలు లోపించిన మనుషులు భారత ఉపఖండంలో 100కు 4 గురు ఉన్నారు. వారికి నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడే ప్రమాదం ఎక్కువ. అలాంటివారి చర్మంనుంచో రక్తంనుంచో యమనాకా పద్ధతిలో గుండె కణాలను చేసి, గాజుపాత్రలోనే మందులను పరీక్షించవచ్చు. మూలకణం ఈనాడు గుండెకు నిస్సందేహంగా చేయగల సేవ ఇది. ఈ సేవకు రోగి స్థలం అమ్మనక్కరలేదు.

నేడు చేతిలో ఉన్నది

పరీక్షకు నిలిచిన వైద్యం ఏదీ లేదా అంటే, ఉన్నది. దానికి కరపత్రం అక్కరలేదు గనుక ఎవరూ వేయరు. 1987లో గుండె తీవ్రంగా బలహీనపడిన 253 మంది మీద ఎనలాప్రిల్ అనే మాత్రను పరీక్షించారు. ఆరు నెలలలో ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 44 శాతం, అసలు మాత్ర మింగినవారిలో 26 శాతం మరణించారు. 1999లో 1,663 మంది మీద జరిగిన పరీక్షలో స్పైరనొలాక్టోన్ అనే చవకైన మాత్ర మరణాలను 46 శాతం నుంచి 35కు తగ్గించింది. మెటోప్రొలాల్ వంటి మాత్రలు, ఇటీవలివాటిలో 2019లో 4,744 మంది మీద పరీక్షించిన డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఈ కోవలోవే. వీటిలో ఏది ఎవరికి, ఎంత మోతాదులో అన్నది వైద్యుడే చెప్పాలి. పొగాకు మానడం, ఉప్పు తగ్గించడం, మధుమేహాన్ని, రక్తపోటును అదుపులో ఉంచడం వీటికి తోడు. శస్త్రచికిత్సో, స్టెంటో కావలసినవారికి 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది; తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. స్టెంట్ల ధరకు కేంద్రం 2017లో హద్దు విధించింది. బీమా ఉన్న కార్మికులకు నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది.

మూలకణాల పేరుతో ఎవరైనా పిలిస్తే అయిదు ప్రశ్నలు అడగండి. ఇది చికిత్సా, ప్రయోగమా? ప్రయోగమైతే పట్టికలో దాని నమోదు సంఖ్య ఏది? సొమ్ము ఎందుకు? కణాలు ఎక్కించనివారితో పోల్చి చూశారా? హాని కలిగితే బాధ్యులెవరు? నిజమైన పరిశోధకుడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. విసుక్కున్నవానికి సలాం చెప్పి రండి.

ఆ యువకునికి నేను ఈ మాటలే చెప్పాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. ఆశను చేతిలోనుంచి లాగుకున్నట్లు నాకే బాధ కలిగింది. చివరకు, "అబ్బా మాత్రలన్నీ మింగుతున్నారా?" అని అడిగాను. ఆయాసం తగ్గడం లేదని రెండు రకాలు ఎప్పుడో మానివేశారని, కణాలు వేయించుకున్నాక ఇక మందుల పనే ఉండదని ఆయన నమ్మారని అప్పుడు తెలిసింది. మర్నాడే తండ్రిని గుండె వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాడు. మందులు మళ్ళీ మొదలయ్యాయి.

ఆయన గుండె కొత్తదేమీ కాలేదు. మెట్లు ఇప్పటికీ ఆగి ఆగి ఎక్కుతారు. ఐతే రాత్రి దగ్గు తగ్గింది, జుమా నమాజుకు నడిచి వస్తున్నారు. స్థలం అమ్ముడుపోలేదు. ప్రతి రోగానికీ మందు ఉన్నదన్నది మన విశ్వాసం. ఏది మందో తేల్చుకునే శ్రమను మాత్రం మన మీదనే ఉంచారు. ఆ శ్రమను తప్పించుకోవడాన్ని తవక్కుల్ అనరు. అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారి ఇంటివారికి వివేకాన్ని ప్రసాదించుగాక.